చేయి జారిన డ్రోన్: మదనపల్లె నుంచి కుప్పం దాకా

మదనపల్లె వైపు కెమెరా డ్రోన్ పట్టుకుని బయల్దేరే వాళ్లకి ముందు చెప్పాల్సింది హోటళ్ల గురించి కాదు, గాలి గురించి. ఆషాఢంలో ఇక్కడ పడమటి గాలి. పగలంతా వీస్తుంది, సాయంత్రానికీ పూర్తిగా తగ్గదు. ఇప్పుడు మీరు ఫొటోగ్రాఫర్ లాగా ఆలోచించండి. సాయంత్రం అయిదున్నరకి వెలుతురు బంగారంలా ఉంటుంది. ఆ వెలుతురు పొలాల మీద పడి మెరవాలంటే సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. అంటే కెమెరా తూర్పుకి చూడాలి, డ్రోన్ తూర్పుకి పోవాలి. గాలి కూడా అటే తోస్తుంది. పోయేటప్పుడు ఎంత హాయిగా పోతుందో! తిరిగి రావాల్సింది మాత్రం ఎదురుగాలిలో.

ఈ చిన్న లెక్క ఏ యూట్యూబ్ వీడియోలోనూ నాకు కనపడలేదు. జూలైలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగినప్పుడు కళ్లతో చూశాను.

ఈ మూడు ఊళ్లనీ 42వ నంబరు జాతీయ రహదారి ఒకే దారానికి గుచ్చినట్టు కలుపుతుంది. అనంతపురం, కదిరి మీదుగా వచ్చి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం తాకుతూ తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా స్నేహితుడికి ఈ రోడ్డు మొత్తాన్నీ పైనుంచి తీయాలని కోరిక. వాడి దగ్గర 250 గ్రాముల లోపు బరువుండే చిన్న డ్రోన్ ఒకటి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రమే మినహాయింపు. అందుకే ఇలాంటివాటికి పాత సరుకు బజారే దిక్కు. పోతే ఇంకోటి కొనుక్కుందాంలే అనుకోవడానికి లేదు.

మొదటి మజిలీ హార్స్‌లీ హిల్స్. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటే, కొండ మీద 1,200 మీటర్లు దాటేస్తాం. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ ఇక్కడ బంగళా కట్టుకున్నాడు, కొండకి ఆయన పేరు అంటుకుంది. అంతకుముందు నుంచీ ఉన్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్లని ఏనుగులు సాకాయని స్థానికులు చెప్పుకుంటారు. ఈ ఏనుగుల సంగతి గుర్తుపెట్టుకోండి, పలమనేరు దాటాక మళ్లీ వస్తాయి.

కొండ అంచున గాలిబండ దగ్గర నిలబడితే పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. చున్నీ పట్టుకోవాలి, టోపీ పట్టుకోవాలి, ఫోన్ ఇంకా గట్టిగా పట్టుకోవాలి. మావాడికి అక్కడే డ్రోన్ లేపాలని చేతులు దురద పెట్టాయి. చుట్టూ అడవి, అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయకూడదు కాబట్టి ఆగాడు. చట్టం అలా ఉంచి, ఇలాంటి అంచు చిన్న డ్రోన్‌కి మంచి చోటు కాదు. మైదానం మీద సాఫీగా వచ్చే గాలి కొండకి తగలగానే నిలువునా పైకి లేస్తుంది. కొండ దాటిన పక్కన సుడులు తిరుగుతూ కిందికి దిగుతుంది. అయిదు నిమిషాల క్రితం తేలిగ్గా నిలబడ్డ డ్రోన్ పది అడుగులు పక్కకి జరగ్గానే ఊగిపోతుంది. పైగా స్క్రీన్ మీద కనపడే ఎత్తు మీరు లేపిన చోటు నుంచి కొలిచింది, కింద ఉన్న నేల నుంచి కాదు. కొండ కింద నుంచి లేపి, 'ఇంటికి రా' ఎత్తు 50 మీటర్లు అని పెట్టారనుకోండి. సిగ్నల్ పోయిన క్షణాన అది బుద్ధిగా 50 మీటర్లకి లేచి తిన్నగా వస్తుంది. మధ్యలో ఉన్న బండ ఎత్తు దానికి తెలీదు. అన్ని వైపులా అడ్డాలు చూసే సెన్సర్లు చాలా చిన్న డ్రోన్లకి ఉండవు.

కొండ దిగి అంగళ్లు వైపు వచ్చాక, రోడ్డుకి కాస్త ఎడంగా ఒక బీడు దొరికింది. కరెంటు తీగలు లేవు, జనం లేరు. మావాడు పద్ధతిగానే మొదలుపెట్టాడు. జీపీఎస్ ఉపగ్రహాలు సరిపడా దొరికే దాకా ఆగాడు. హోమ్ పాయింట్ నమోదైందో లేదో చూసుకున్నాడు. కారు బానెట్ మీద నుంచి కాకుండా నేల మీద నుంచే లేపాడు, ఎందుకంటే ఇనుము దగ్గరుంటే డ్రోన్ లోపలి దిక్సూచి తికమక పడుతుంది. ఇవన్నీ చేసినా, గాలి ఎటు వీస్తోందన్న ఒక్కటీ చూసుకోలేదు. కింద మొహానికి తగిలేది పిల్లగాలే. 80 మీటర్ల పైన అది పిల్లగాలి కాదు.

డ్రోన్ తూర్పుకి రివ్వున పోయింది. కర్రలు నాటి పురికొసలు కట్టిన టమాటా తోటలు స్క్రీన్ మీద గళ్ల చీరలా పరుచుకున్నాయి. నిజంగా చాలా అందంగా ఉంది, కాదనను. 700 మీటర్ల దూరంలో ఫోన్ మీద గాలి హెచ్చరిక వచ్చింది. మావాడు 'ఇంటికి రా' బటన్ నొక్కాడు. ఆ ఎత్తుని వాడు 100 మీటర్లకి సెట్ చేసి పెట్టుకున్నాడు. డ్రోన్ చెప్పినట్టే ఇంకా పైకి లేచింది, ఇంకా బలమైన గాలిలోకి. అక్కడే నిలబడిపోయింది. ముక్కు మన వైపు, రెక్కలు శక్తికొద్దీ తిరుగుతున్నాయి, దూరం అంకె మాత్రం 690, 688, 691.

లెక్క వేసి చూడండి. మామూలు మోడ్‌లో ఇలాంటి డ్రోన్ గరిష్ఠ వేగం సెకనుకి 10 మీటర్ల చుట్టుపక్కల. ఎదురుగాలి సెకనుకి 8 మీటర్లుంటే ముందుకి కదిలేది 2 మీటర్లే. పోయేటప్పుడు గాలి తోసింది కాబట్టి 700 మీటర్లు 40 సెకన్లలో అయిపోయాయి. తిరిగి రావడానికి దాదాపు 6 నిమిషాలు. గాలి ఇంకో 2 మీటర్లు పెరిగితే ఎప్పటికీ రాదు, బ్యాటరీ అయ్యేదాకా ఆకాశంలో అక్కడే పరుగు తీస్తుంది. బ్యాటరీ కూడా ఎదురుగాలిలో మామూలు కంటే తొందరగా కరుగుతుంది.

ఈ దశలో చేయాల్సింది మనసుకి ఇష్టం లేని పని. 'ఇంటికి రా'ని రద్దు చేయాలి. డ్రోన్‌ని కిందికి, 30 మీటర్లకో 25కో దించాలి. నేల దగ్గర చెట్లు, గట్లు, ఇళ్లు గాలికి అడ్డం పడతాయి కాబట్టి వేగం తగ్గుతుంది. తర్వాత స్పోర్ట్ మోడ్‌లో వేసి తిన్నగా లాక్కురావాలి. ఆ మోడ్‌లో సెకనుకి 16 మీటర్ల దాకా పోయే చిన్న డ్రోన్లున్నాయి, అదే 8 మీటర్ల ఎదురుగాలిలో 700 మీటర్లు నిమిషంన్నరలో వచ్చేస్తాయి. కింద చెట్లూ తీగలూ లేవని తెలిస్తేనే సుమా. కానీ భయంలో ఉన్న మనిషి చేసేది ఒక్కటే, అదే బటన్‌ని మళ్లీ మళ్లీ నొక్కడం. మావాడూ అదే చేశాడు. బ్యాటరీ అడుగంటింది, డ్రోన్ తనంతట తానే దిగడం మొదలుపెట్టింది. చింతచెట్ల వెనక్కి పోగానే సిగ్నల్ పోయింది. స్క్రీన్ మీద చివరి బొమ్మ అలాగే గడ్డకట్టింది. నాలుగు సాళ్లు, ఒక నీలం బిందె.

యాప్‌లో చివరి లొకేషన్ మిగిలింది. దాన్ని పట్టుకుని గెనిమల మీద నడిచాం. తోటలో ఒకామె, యాభై ఏళ్లుంటాయేమో, మమ్మల్ని చూసి కొంగు దోపుకుని ఎదురొచ్చింది. నేల మీద ఒక టమాటా క్రేటు బోర్లించి ఉంది, దాని మీద రాయి.

"ఎవురిది నాయనా ఇది? తేనీగల గుంపు దిగినట్ల వచ్చి పడె. మా మనవడు ఈడనే కూసోనుండె."

క్రేటు ఎత్తితే డ్రోన్. ఒక చెయ్యి విరిగింది, రెక్క కొస మీద పచ్చిటాకు చీరి ఉంది. పిల్లాడు కూర్చున్న చోటు ఎక్కడని అడిగితే చూపించింది. మూడు సాళ్ల అవతల. రెండో మూడో ఏళ్ల పిల్లాడు, ఇప్పుడు నానమ్మ చీర చాటు నుంచి చూస్తున్నాడు. బరువు పావుకిలో లేకపోవచ్చు, తిరిగే రెక్క కంటి ఎత్తుకి వస్తే ఆ పావుకిలో చాలు. మావాడి మొహంలో అప్పటిదాకా ఉన్న డబ్బు పోయిన బాధ అక్కడ పూర్తిగా మారిపోయింది.

"తప్పయిందక్కా" అని జేబులోంచి డబ్బులు తీశాడు. ఆమె తీసుకోలేదు. "అవి నీకాడే పెట్టుకో. మా ఇంటి మింద తిప్పలేదు గదా?" అని అడిగింది. ఆమె ఇల్లు తోట మూలనే ఉంది, వెనక తడికల స్నానాల గది, పైకప్పు లేదు. మావాడు ఫోన్‌లో వీడియో మొత్తం చూపించాడు. ఇల్లు రాలేదు. చూస్తూ చూస్తూ ఆమె ఒక చోట వేలు పెట్టి ఆపింది. "ఆ మూల పచ్చగా లేదే. డ్రిప్పు పైపు మూసకపోయినట్టుంది" అని, మమ్మల్ని వదిలేసి అటు నడిచింది.

ఇంత కంగారు ఆ ఊళ్లలో ఎందుకో అర్థం చేసుకోవాలంటే టమాటా ధరలు గుర్తుండాలి. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. అదే పంటని రోడ్డు పక్కన పారబోసిన రోజులూ అందరికీ తెలుసు. ధర పెరిగినప్పుడు తోటలకి రాత్రిళ్లు కాపలా పడుకుంటారు. అలాంటి రోజుల్లో తలమీద ఏదో గుయ్యిమంటూ తిరిగితే, అది మీ రీల్ కోసమని వాళ్లకి ఎలా తెలుస్తుంది?

చెయ్యి జారిన డ్రోన్ ఎక్కడ తేలుతుందో చెప్పలేమనడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 2017 సెప్టెంబర్ 21న న్యూయార్క్‌లో జరిగిన సంగతి. ఒక సరదా పైలట్ తన ఫాంటమ్ 4 డ్రోన్‌ని రెండున్నర మైళ్ల దూరం పంపాడు. అంత దూరాన అది కంటికి కనపడదు. తిరిగి రాకపోయేసరికి నీళ్లలో పడిపోయి ఉంటుందనుకున్నాడు. నిజానికి అది అమెరికా సైన్యానికి చెందిన బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ని గుద్దింది. హెలికాప్టర్ క్షేమంగా దిగింది, దాంట్లో ఇరుక్కున్న డ్రోన్ మోటారు ముక్క ఆధారంగా దర్యాప్తు సంస్థ యజమానిని కనిపెట్టింది. వాళ్లు అడిగేదాకా ఆయనకి ఆ సంగతే తెలీదు. మన దగ్గర కూడా ప్రమాదం జరిగితే 48 గంటల్లో డీజీసీఏకి ఆన్‌లైన్‌లో తెలియజేయాలని 2021 డ్రోన్ రూల్స్ చెబుతాయి. రిజిస్టర్ చేసిన డ్రోన్ శాశ్వతంగా పోతే రిజిస్ట్రేషన్ రద్దుకి దరఖాస్తు పెట్టుకోవాలి. దొరకలేదులే అని ఊరుకుంటే, ఎక్కడో తేలిన రోజున దాని నంబరు మీ పేరే చెబుతుంది.

మర్నాడు పుంగనూరు. విరిగిన డ్రోన్ బ్యాగులోనే ఉంది కాబట్టి ఈసారి కళ్లతోనే చూశాం. పుంగనూరు అంటే ఇప్పుడు దేశమంతటికీ పొట్టి ఆవులు. 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీ నివాసంలో వీటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక మరీనూ. మూడడుగుల ఎత్తు, చిక్కటి పాలు. ఒకప్పుడు అంతరించిపోయే దాకా వచ్చిన జాతి, పలమనేరు దగ్గరి పశు పరిశోధన కేంద్రం కాపాడుకుంటూ వచ్చింది. రీల్ కోసం వీటి నెత్తిమీద డ్రోన్ తిప్పాలని చాలామందికి ఉంటుంది. ఆవు ఎంత సాధువైనా పైనుంచి వచ్చే గుయ్యిమనే చప్పుడికి బెదురుతుంది, పలుపు తెంపుకుంటుంది. చూలు ఆవు అయితే ఆ పరుగు ఖర్చు ఎవరు కడతారు? నేల మీద కూర్చుని ఫోన్‌తో తీయండి. పొట్టి ఆవు పొట్టిగా కనపడేది మన మోకాలి ఎత్తు నుంచే, 30 మీటర్ల పైనుంచి చూస్తే అన్ని ఆవులూ ఒకటే.

పలమనేరు దాటాక అడవి మొదలవుతుంది. కౌండిన్య అభయారణ్యం. ఏనుగు మల్లమ్మ కథ ఉన్న ఈ ప్రాంతంలో చాలాకాలం పాటు అడవి ఏనుగుల మందలే లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు అడవుల నుంచి గుంపులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. 1990లో ప్రభుత్వం సుమారు 358 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించింది. అప్పటి నుంచి పలమనేరు, వి.కోట, కుప్పం వైపు పల్లెలకి ఏనుగంటే దేవుడూ, భయమూ రెండూ. పంటలు పోయాయి, మనుషులు పోయారు, కరెంటు తీగలకి ఏనుగులూ పోయాయి. 2025 మేలో కర్ణాటక ఇచ్చిన కుంకీ ఏనుగులు అడవి గుంపుల్ని వెనక్కి మళ్లించే పనికోసమే వచ్చాయి. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఉంది.

ఇక్కడ డ్రోన్ పోగొట్టుకోవడం టమాటా తోటలో పోగొట్టుకోవడం లాంటిది కాదు. ఏనుగులకి తేనెటీగలంటే భయమని కెన్యాలో పరిశోధకులు ఎప్పుడో చూపించారు. తేనెటీగల చప్పుడు వినిపిస్తే చాలు, తోక తిప్పుకుని పోతాయి. టాంజానియాలో డ్రోన్లతోనే ఏనుగుల్ని పొలాల్లోంచి అడవివైపు మళ్లించి చూశారు, పనిచేసింది. అక్కడ ఎగరేసింది శిక్షణ పొందిన సిబ్బంది, ఎటు తోలాలో తెలిసి తోలారు. ఆ పరికరమే మీ చేతిలో అదుపు తప్పి గుంపు మీదుగా పోతే, గుంపు ఎటు పరిగెత్తుతుంది? అడవివైపే పోవాలని రూలేం లేదు. అవతల ఊరుండొచ్చు, హైవే ఉండొచ్చు, రాత్రి మంచె మీద కాపలా ఉన్న రైతు ఉండొచ్చు. పడిపోయిన డ్రోన్‌ని వెతుక్కుంటూ సాయంత్రం పూట ఆ అడవిలోకి నడిచి పోవడం ఇంకా పెద్ద తెలివితక్కువ. అంగళ్లు దగ్గర మేం నడిచినట్టు చివరి లొకేషన్ పట్టుకుని ఇక్కడ పొదల్లోకి పోకూడదు. అది ఏనుగు తిరిగే వేళ. ఎంత ఖరీదైనా వదిలేసి, అటవీ సిబ్బందికి చెప్పి, పగలు వాళ్లతో కలిసి వెళ్లాల్సిందే. అభయారణ్యం మీద అనుమతి లేకుండా ఎగరేసినందుకు వాళ్లు వేసే కేసు కూడా భరించాలి మరి.

కుప్పం చేరేసరికి ఒకే టీకొట్టులో మూడు భాషలు వినపడ్డాయి. తెలుగులో టీ చెప్పి, తమిళంలో చిల్లర అడిగి, కన్నడంలో ఫోన్ మాట్లాడుతున్నాడొకాయన. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టడంలో ఆశ్చర్యమేముంది? రెండు వైపులా రాష్ట్ర సరిహద్దులు దగ్గరే. బెంగళూరు–జోలార్‌పేట రైలు మార్గం ఊరి మధ్యగా పోతుంది, పైన 25 వేల వోల్టుల తీగ. డ్రోన్ ఆ తీగ మీద పడితే ఆగేది రైళ్లు. పట్టాల మీద పడ్డదాన్ని తెచ్చుకుందామని దూకితే పోయేది ప్రాణం. గాలికి కొట్టుకుపోయి సరిహద్దు దాటితే ఏ రాష్ట్రం పోలీస్ స్టేషన్‌కి పోవాలన్నది ఇంకో తలనొప్పి.

కుప్పానికి ఇంకో ప్రత్యేకత ఉంది. 1989 నుంచి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం ఇది. ముఖ్యమంత్రి స్థాయి పర్యటనలు ఇక్కడ మామూలు. జాతీయ స్థాయి మ్యాప్‌లో గ్రీన్ జోన్‌గా కనపడే చోట 400 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. కానీ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఎక్కడైనా తాత్కాలిక రెడ్ జోన్ ప్రకటించొచ్చు, అది 96 గంటల దాకా ఉండొచ్చు. పోయిన వారం మీ ఫ్రెండ్ ఎగరేసిన మైదానమే ఈ వారం రెడ్ కావచ్చు. బ్యాటరీ పెట్టే ముందు మ్యాప్ చూడండి, పక్కనున్న పోలీస్ స్టేషన్‌లో ఒక మాట అడగండి. ఇలాంటి రోజున అదుపు తప్పిన డ్రోన్ బందోబస్తు మీదికి పోతే, ఎదురుగాలి లెక్కలు చెప్పి ఎవర్నీ ఒప్పించలేరు.

ఆ సాయంత్రం కుప్పం శివార్లలో కాపలాకి బయల్దేరుతున్న ఒక రైతుతో మాట్లాడాం. టార్చి, టపాకాయల సంచి, దుప్పటి. మావాడి బ్యాగులోంచి తొంగిచూస్తున్న విరిగిన చెయ్యి చూసి ఇదేందని అడిగాడు. డ్రోన్ అంటే ఆయనకి వెంటనే తెలిసింది.

"ఫారెస్టోళ్లు ఏనుగులు యాడుండాయో చూసేదానికి తిప్పుతారే, అదే గదా. ఆ సద్దు వినపడిందంటే మేము పిల్లోళ్లని లోపలికి తోలి తలుపులేసుకుంటాం."

మావాడు బ్యాగు జిప్పు లాగేసి, ఏనుగులు ఈ వారం ఎటువైపు ఉన్నాయని అడిగాడు. ఆయన టార్చి ఎత్తి తూర్పు గుట్టల్ని చూపించాడు. మేం బండి పడమటికి తిప్పుకున్నాం.